నీళ్లమీద నిలిచిన రాగి

రాయపురం చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో నేను ఒకసారి సముద్రం మొత్తాన్ని గడ్డకట్టించాను. అలలు లేచినవి లేచినట్టే నిలబడిపోయాయి. పడవలవాళ్లు దిగి, బుట్టలు నెత్తిన పెట్టుకుని, నడుచుకుంటూ ఇళ్లకు వచ్చారు.

ఇది మా అమ్మాయికి చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పిన కథ. నిజం చెప్పాలంటే నేను ఆ ఫ్యాక్టరీలో కండెన్సర్ల దగ్గర సూపర్‌వైజర్ని. అమ్మోనియాను చల్లార్చే పొడవాటి ఇనుప డ్రమ్ములవి. లోపల సన్నటి గొట్టాల్లో నీళ్లు పారుతుంటాయి. గొట్టాల బయట ఉన్న వాయువు తన వేడిని ఆ నీళ్లకు అప్పగించి చల్లబడుతుంది. వేడి మాత్రం ఇటునుంచి అటు పోవాలి, రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఆ మధ్యనున్న పల్చటి గోడకు కాపలా కాయడమే నా ఉద్యోగమంతా.

మధ్యాహ్నాలు ఆ ఫ్యాక్టరీలో మెలకువకూ నిద్రకూ పెద్ద తేడా ఉండేది కాదు. బయట కళ్లు చెదిరే ఎండ, చేపల వాసన, బండ్లవాళ్ల కేకలు. లోపల ఐసు దిమ్మెల నుంచి తెల్లటి పొగ నేలమీదికి దిగి పాదాల చుట్టూ తిరుగుతూ ఉండేది. నడుస్తుంటే మోకాళ్ల కింద కాళ్లు ఉన్నాయో లేదో తెలిసేది కాదు. తలుపు సందులోంచి రేవు కనిపించేది. పడవ దగ్గర నుంచి గట్టుదాకా ఆడవాళ్లు వరసగా నిలబడి చేపల బుట్టలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించుకునేవాళ్లు. వేడి కూడా నీళ్లలో ఇలాగే పోతుందేమో అనుకునేవాణ్ని. ఒక నీటిబొట్టు పక్క బొట్టుకు అందిస్తుంది, అది ఆవలించి, కాసేపాగి, ఇంకోదానికి అందిస్తుంది. నీళ్లు మహా బద్ధకం మనుషులు.

ఊరికి చెన్నై అని పేరు మార్చిన కొత్తరోజులు. బోర్డులమీద సగం పాత పేరు, సగం కొత్త పేరు. మా ఇళ్లల్లో తాతల కాలం నుంచీ చెన్నపట్నమే కాబట్టి మాకేమీ గుండె కలుక్కుమనలేదు. మా అమ్మాయి అప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.ఇ. చదువుతోంది. ఒక సాయంత్రం వ్యాసర్పాడిలోని మా ఇంటికి వస్తూనే స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. తాగడానికి కాదు, పాఠం చెప్పడానికి.

“నీళ్లు సోంబేరి నైనా,” అంది. సోమరి అనే మాటను వాళ్ల కాలేజీ తమిళంలో అనడం దానికి అలవాటు. “వేడిని మోసేదానికి ఏడుస్తాయి. రాగి అట్ట కాదు, ఇట్ట తాకితే అట్ట పంపించేస్తది. ఆ రాగినే పొడి చేసి నీళ్లల్లో కలిపేస్తే?”

కలిపితే అడుగుకు పోయి కూర్చుంటుందని, నా గొట్టాల్లో చేరితే నేనే గీకాల్సి వస్తుందని చెప్పాను. అంత గరుకు పొడి కాదంది. కంటికి ఆననంత మెత్తగా ఉంటే, నీళ్ల లోపలి అలజడే దాన్ని నిలబెడుతుందట. అది అడుగుకూ పోదు, పైకీ రాదు, నీళ్లతోపాటే తిరుగుతుంది. అలాంటి నీళ్లకు నానోఫ్లూయిడ్ అని ఎవరో పేరు పెట్టారని, వాళ్ల గైడు ఎక్కడినుంచో తెచ్చిన జిరాక్సు కాగితాల్లో ఉందని చెప్పింది. ఆ రాత్రి నేను పడుకుని, రాగిరంగు సముద్రం ఒకటి నిశ్శబ్దంగా ఊరిమీదికి వచ్చి, ఇళ్లన్నిటి వేడినీ తీసుకుని వెనక్కి వెళ్లిపోవడం చూశాను. కలే అది, కానీ ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

కాలేజీ ల్యాబులో దాని పరికరం చిన్నదే. ఒక రాగి గొట్టం, దాని చుట్టూ ఇంకొంచెం లావుపాటి గొట్టం. లోపలి గొట్టంలో వేడి నీళ్లను ఒక తొట్టిలోంచి చిన్న పంపు తిప్పుతూ ఉంటుంది. బయటి గొట్టంలో చల్లటి నీళ్లు ఒక పక్కనుంచి వచ్చి, కాస్త వేడెక్కి, రెండో పక్కన బయటికి పోతాయి. వేడి నీళ్లలో పొడి కలిపాక, బయటికొచ్చే నీళ్లు ముందుకన్నా ఎక్కువ వేడిగా వస్తే గెలిచినట్టు. రంగుల అంగట్లో దొరికే రాగిపొడిని తెచ్చి పోశారు. అది టిఫిన్ వేళకల్లా ఇసుకలా అడుక్కు చేరి, పంపును గీకిపెట్టింది. అసలైన మెత్తటి పొడి పరదేశం నుంచి రావాలి, అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈలోపు ఏదీ కుదరకపోతే అమ్మాయిని గొట్టాల్లో పట్టే సున్నపు పాచిమీద పని చేయమంటానని గైడు మెత్తగానే చెప్పాడు. అంటే నేను జన్మంతా గీకిన దాన్నే అది చదువుకోవాలి.

ఆ రోజు నేనూ ల్యాబులో ఉన్నాను. చూసిపోదామని వెళ్లినవాణ్ని చూసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. మా అత్తగారింట్లో రాగిపొడి ఉందని, చిటికెడు తీసి గాల్లో వదిలితే మర్నాటిదాకా కిందికి దిగదని, తెల్లదొరలు వచ్చి అంగడి మెట్లమీద కూర్చుని బతిమాలినా మా మామగారు ఇవ్వలేదని గైడుతో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తెల్లదొరలు రాలేదు. ఒకడు వచ్చాడు, రైల్వే స్టేషన్‌కు దారి అడిగి పోయాడు. కానీ పొడి సంగతి నిజం.

మా మామగారిది ఉత్తర చెన్నైలో, పాత తెలుగు వర్తకుల వీధిలో, నాటుమందుల అంగడి. వస, పిప్పళ్లు, కరక్కాయ, అన్నీ గోనెసంచుల్లో నోళ్లు తెరుచుకుని ఉండేవి. ఆయన మిగతావాళ్లలాగా సరుకు తెచ్చి అమ్మడమే కాక రాగి భస్మం స్వయంగా చేసేవాడు. రాగి రేకుల్ని కాల్చి మజ్జిగలో ముంచి, మళ్లీ కాల్చి, రాతి కల్వంలో నిమ్మరసంతో నూరి, బిళ్లలు చేసి, మట్టి మూకుళ్లలో మూసి పిడకల మంటలో కాల్చి పుటం పెట్టేవాడు. తీసి మళ్లీ నూరేవాడు, మళ్లీ పుటం. ఎన్నిసార్లని అడిగితే, రాగి తాను రాగినన్న సంగతి మరిచిపోయేదాకా అనేవాడు. అయిందో లేదో తెలుసుకోవడానికి ఆ వీధిలో ఒక పరీక్ష ఉండేది. కదలని నీళ్లమీద చిటికెడు భస్మం చల్లాలి. తేలాలి. ఆ తేలిన పొరమీద ఒక వడ్లగింజ పెట్టాలి. అదీ తేలాలి. మునిగిందా, ఆ సరుకు మందు కాదు, ఉత్త బూడిద.

ఆయన పోయాక అంగడి నా బావమరిదికి, అంటే మా ఆవిడ తమ్ముడికి వచ్చింది. వాడు సరుకులు అమ్మాడే గాని కల్వం ముట్టలేదు. నాన్న చేసిన భస్మం ఒక ఇత్తడి డబ్బాలో మిగిలింది. అడిగినవాళ్లకు లేదనేవాడు. సంవత్సరానికొకసారి, ఆయుధ పూజ నాడు, త్రాసుకూ కల్వానికీ బొట్టు పెట్టాక, డబ్బా మూత తీసి, ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, గోటితో కొంచెం చల్లేవాడు. తేలేది. వడ్లగింజ పెట్టేవాడు. తేలేది. అలా కాసేపు చూసి, మూత బిగించేవాడు. ఆ పెద్దాయన చేత్తో చేసినది లోకంలో ఇంకేమీ లేదు. డబ్బా ఖాళీ అయిన నాడు నాన్న రెండోసారి పోతాడని వాడి భయం. ఈ మాట వాడు మా ఆవిడకు ఒక్కసారే చెప్పాడు, మా ఆవిడ నాకు చాలాసార్లు చెప్పింది.

అడగడానికి మా ఆవిడే బయల్దేరింది. నన్ను నోరెత్తవద్దని దారిలోనే ఒట్టు వేయించుకుంది. అంగడిలో కూర్చుని, చుట్టూ తిప్పకుండా, పిల్లకు కావాలి అంది. వాడు చాలాసేపు త్రాసు పళ్లేలు తుడిచాడు. చివరికి అమ్మాయిని దగ్గరికి పిలిచి, ఈ పొడిని కాలేజీవాళ్లు పరీక్ష పెడతారా అని అడిగాడు. పెడతారంది. అది ఎంత మెత్తనిదో రాసి చెప్తారా అన్నాడు. ప్రయత్నిస్తామంది.

“సగం ఇస్తా,” అన్నాడు. “నేనూ వస్తా. మా నైనను ఒక్కణ్నే పంపను.”

ఇస్త్రీ చేసిన పంచె, నుదుట బొట్టు, ఒళ్లో డబ్బా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెళ్లిచూపులకు పోతున్నట్టు వచ్చాడు. ల్యాబులో అందరూ మూగారు. వాడే స్వయంగా మూత తీసి, సగం పొడిని నీళ్ల తొట్టిలో నెమ్మదిగా వంచాడు. నల్లటి పొడి పొగలా దిగింది.

దిగి, నీళ్లమీద పరుచుకుంది. అంతే. ఒక్క రేణువు లోపలికి పోలేదు. నెమలి మెడలా మెరుస్తూ పైన పొర కట్టి నిలబడింది. పంపు అడుగునుంచి ఉత్త నీళ్లే లాక్కుని తిప్పింది. థర్మామీటర్లు నిన్న ఎక్కడున్నాయో ఇవాళా అక్కడే. పుల్లతో కలిపారు. పొర చీలి, గోడలకు అంటుకుని, మళ్లీ పైకే వచ్చింది. కొంత ముద్దలు కట్టి పంపు నోటికి అడ్డం పడింది. అమ్మాయి మొహం పాలిపోయింది. గైడు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

ల్యాబు మొత్తంమీద ఒక్కడే వెలిగిపోతున్నాడు, నా బావమరిది.

“చూసినావా బావా,” అన్నాడు. “ఇంత మిషన్ పెట్టి తిప్పినా మునగలా. ఎవురన్నా ఒక వడ్లగింజ ఇయ్యండి.”

ఇంజనీరింగ్ కాలేజీలో వడ్లగింజ ఎక్కడ దొరుకుతుంది. వాడి దగ్గరే ఉంది, పంచె కొనకు ముడివేసి తెచ్చుకున్నాడు. తీసి తొట్టిలో పెట్టాడు. తేలింది. గైడు వంగి చూసి, ఇంత మెత్తటి పొడి తాను చూడలేదని తమిళంలో అన్నాడు. ఆ మాటను నేను తెలుగులోకి మార్చి వాడికి చెప్పాను. మార్చేటప్పుడు అది కొంచెం పెరిగింది. ప్రపంచంలోనే అని చేర్చాను. వాడికి తమిళం నాకన్నా బాగా వచ్చని అప్పుడు గుర్తు రాలేదు.

తిరుగు బస్సులో అమ్మాయి వాడి పక్కన కూర్చుంది. చాలాసేపు బయటికి చూసింది. ఎండ తగ్గి, గోడలమీద పోస్టర్లు కూడా నిద్రపోతున్నట్టున్నాయి. తర్వాత మెల్లగా అంది, “మామా, అది తేలినందుకే పనికి రాలా.”

 అమ్మాయే చెప్పుకుంటూ పోయింది. పొడి ఎంత మెత్తనైనా, మరీ పొడిగా ఉండడంతో నీళ్లు దాన్ని తడపలేకపోతున్నాయి. ఏదన్నా బంకతో నూరి, ప్రతి రేణువుకూ ఒక తడి చొక్కా తొడిగితే అప్పుడు నీళ్లు దాన్ని లోపలికి రానిస్తాయి. గైడు కూడా అదే అన్నాడు, ఆ కాగితాల్లోనూ అలాంటిదే ఉంది. తుమ్మబంక చాలు. మిగిలిన సగంతో ఒక్కసారి ప్రయత్నించవచ్చు.

“బంకేసి నూరితే ఇంక తేలదు గదా,” అన్నాడు.

“తేలదు మామా.”

“తేలని భస్మం మా నైన వీధిలో పారబోసేవాడు, తెలుసా?”

“తెలుసు.”

వాడు తన స్టాపులో దిగి, వెనక్కి చూడకుండా నడిచి పోయాడు. డబ్బాను చంకలో దాచుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎత్తడం మా ఆవిడ మాన్పించింది. అడగాల్సింది ఒకసారి అడిగాం, ఇంక వాడి ఇష్టం అంది. అమ్మాయి సున్నపు పాచి గురించి పుస్తకాలు తెచ్చుకుని, తెరవకుండా పెట్టుకుంది. నేను మాత్రం ఫ్యాక్టరీలో, ఆ తెల్లపొగలో కూర్చుని, పగలే కలలు కన్నాను. మా మామగారు నల్లటి చాప ఒకటి సముద్రం మీద పరుచుకుని, దానిమీద బాసింపట్టు వేసుకుని, ఒక వడ్లగింజ వైపు చూస్తూ రేవు ముందునుంచి మెల్లగా పోతున్నాడు. ఏం మామా, తడిసిపోరా అని అడిగితే ఆయన నవ్వి చాప కొస ఎత్తి చూపించాడు. అడుగున చాలా లోతుగా, చాలా వెచ్చగా ఉంది.

ఆ కల గురించి నేను బావమరిదికి చెప్పానని, అందుకే వాడు ఒప్పుకున్నాడని చాలామంది దగ్గర చెప్పుకున్నాను. చెప్పలేదు. వాడు తనంతట తానే ఒక ఉదయం పక్కింటి ఫోనుకు చేసి, పిల్లను తీసుకురమ్మన్నాడు.

మేం వెళ్లేసరికి అంగడి తలుపు ఒక రెక్కే తీసి ఉంది. లోపల కల్వం కడిగి, పసుపుగుడ్డమీద పెట్టాడు. గిన్నెలో తుమ్మబంక నానుతోంది. డబ్బా పక్కనే ఉంది, మూత వేసి. అమ్మాయి కింద కూర్చుని, తాను నూరతానని చెయ్యి చాచింది. వాడు గుండ్రాయి దానికివ్వలేదు.

“నువ్వు నూరితే, పరాయోళ్లు చెడగొట్టినట్టుంటది,” అన్నాడు. “చెడిపోతే నా చేత్తోనే చెడిపోనీ.”

కల్వం ముందు వాడు కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడడం. డబ్బాలో మిగిలిందంతా కల్వంలోకి వంచి, బంక పోశాడు. మొదట రాయి కుదుట పడలేదు, అటూ ఇటూ జారింది. తర్వాత ఎక్కడో చిన్నప్పుడు చెవిలో పడిన లయ చేతిలోకి వచ్చినట్టుంది. రాయి తిరుగుతున్న చప్పుడు ఒకటే, గరగరా కాదు, పిల్లి గుర్రుమన్నట్టు. వీధిలో తోపుడు బండ్లు పోతున్నాయి. వస వాసన, తడి బంక వాసన, నిమ్మకాయల వాసన. తలుపు సందులోంచి పడిన ఎండగీత వాడి మోకాలిమీంచి కల్వంలోకి, కల్వంలోంచి గోడమీదికి జరిగింది.  నేను కొంచెం కునుకు తీశానేమో కూడా. కళ్లు తెరిచి చూస్తే కూర్చున్న మనిషి వాడా, వాళ్ల నాన్నా అన్నది ఒక క్షణం తేలలేదు. వీపు ఒకటే, వంగిన మెడ ఒకటే.

నూరడం అయ్యాక వాడే గాజు గ్లాసులో నీళ్లు తెచ్చాడు. వేలితో ఒక చుక్క తీసి నీళ్లలోకి జార్చాడు.  నల్లటి చుక్క నీళ్లమీద ఆగలేదు. లోపలికి పోయి, సాంబ్రాణి పొగలా విచ్చుకుని, గ్లాసంతా అల్లుకుంది.

“తేల్లా,” అన్నాడు.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. మేం కాఫీలు తాగాం, గ్లాసులు కడిగాం, వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

“అడుక్కీ పోలా,” అన్నాడు చివరికి. అది మాతో అన్న మాట కాదు.

ఈసారి ల్యాబులో ఎవరూ గుమిగూడలేదు. గైడు, అమ్మాయి, నేనూ నా బావమరిదీ. వాడు కల్వంలోది ఒక్క బొట్టు మిగలకుండా కడిగి తొట్టిలో పోసి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. పంపు తిరిగింది. పంపు దగ్గరి గొట్టంలో ఒకచోట గాజుముక్క అతికించి ఉంది. అందులోంచి కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు పోతూ, వస్తూ, మళ్లీ పోతూ కనిపించాయి. ఎటునుంచి మొదలవుతున్నాయో ఎటు అంతమవుతున్నాయో తెలియదు. చూస్తూ ఉంటే మన కాళ్లకింద నేల కూడా మెల్లగా తిరుగుతున్నట్టుంది.

అప్పుడు ఆ చివర గొట్టంలోంచి నీళ్లు కుతకుతా మరుగుతూ దూకాయి, గైడు కళ్లజోడు ఆవిరితో మసకబారింది.

మరగలేదు లెండి. కళ్లజోడు మసకబారింది ఆయన చెమటకు, ల్యాబులో ఫ్యాను పనిచేయడం లేదు. జరిగిందేమంటే, బయటి నీళ్ల థర్మామీటర్లో పాదరసం ముందు ఆగినచోట ఆగకుండా వెంట్రుకవాసి పైకి జరిగి నిలబడింది. అమ్మాయి వంగి చూసింది, గైడును చూడమంది, ఆయన చూశాడు. పంపు ఆపి, మళ్లీ మొదటినుంచి నడిపారు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. తక్కువే. బంక చిక్కదనానికి పంపుకు కష్టం పెరిగిందని, ఆ నష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలని గైడు హెచ్చరించాడు. కానీ ఈ పనిని ఆపనక్కర్లేదన్నాడు. అమ్మాయి తలూపింది. అది నవ్వడానికి ముందు మామ వైపు చూసింది.

వాడు థర్మామీటరు జోలికి పోలేదు. ఇంత సన్నగీతలు వాడికి కనిపించవు. నెమ్మదిగా నడిచి, నీళ్లు బయటికి పోయే గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. అమ్మాయి దగ్గరికి వచ్చి, కావాలంటే ఈ నీళ్లను ఎండబెట్టి పొడి కొంచెమైనా వెనక్కి తీయవచ్చు మామా అంది. వాడు వద్దన్నట్టు రెండో చెయ్యి ఊపాడు. తిరగనీ, సాయంత్రం మిషను ఆపేదాకా తిరగనీ అన్నాడు.

తర్వాత నన్ను పిలిచి, తన చేతి పక్కన చెయ్యి పెట్టమన్నాడు.

పెట్టాను. నలభై ఏళ్లు గొట్టాలు తడిమి చూసిన చెయ్యి నాది అంటాను గాని, ముప్ఫై కూడా నిండలేదు. ఆ తేడా ఎవరి చేతికీ తెలిసేంతటిది కాదని నాకు తెలుసు. గొట్టం వెచ్చగా ఉంది, మామూలు నీళ్లు పోయినప్పుడు కూడా అంతే వెచ్చగా ఉండి ఉంటుంది.

“ఎట్టుంది బావా?”

“కాలిపోతా ఉందిరా,” అన్నాను.

వాడు కళ్లు తెరవకుండానే అడిగాడు. “నీ మాటల్లో సగం తీసేస్తే?”

“సగం తీసేసినా వెచ్చగానే ఉంది.”

ఆ జవాబు వాడికి సరిపోయింది. ఇద్దరం అలాగే గొట్టం పట్టుకుని నిలబడ్డాం. లోపల నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి.